త్యాగం ముందు నాయకుల నుంచే మొదలవ్వాలా? ప్రజాప్రతినిధుల సౌకర్యాలపై చర్చ

నిర్మొహమాటి:

ప్రజలను త్యాగం చేయమని అడిగే నాయకులు ముందుగా ఆ పని తాము చేసి చూపాలా, అక్కరలేదా అన్నది నేను చర్చకు పెడుతున్న ప్రశ్న. చేసి చూపాలన్నది నా పక్షం. స్తోమత ఉన్న కుటుంబాలు వంటగ్యాస్ రాయితీని స్వచ్ఛందంగా వదులుకోవాలని 2015లో కేంద్ర ప్రభుత్వం పిలుపునిస్తే, ఏడాది తిరిగేసరికి కోటికి పైగా కుటుంబాలు వదులుకున్నాయి. పార్లమెంటు క్యాంటీనులో భోజనంపై రాయితీ పూర్తిగా రద్దయింది మాత్రం 2021 జనవరిలో. వృద్ధులకు రైలు టిక్కెట్లపై ఉన్న రాయితీని 2020 మార్చిలో కోవిడ్ కారణం చూపి నిలిపివేశారు. మహమ్మారి పోయి ఏళ్ళు గడిచినా దాన్ని తిరిగి ఇవ్వలేదు గాని, మాజీ ఎంపీల ఉచిత రైలు ప్రయాణానికి మాత్రం ఏ లోటూ రాలేదు.

మనకు ఇంతకన్నా మెరుగైన సంప్రదాయం ఒకప్పుడు ఉండేది. నిపుణులను మినహాయిస్తే ప్రభుత్వ సేవకుల జీతం సాధారణంగా నెలకు 500 రూపాయలు మించరాదని 1931లో కరాచీ కాంగ్రెసు తీర్మానించింది. 1937లో అధికారం చేపట్టిన కాంగ్రెసు మంత్రులు, మద్రాసులో రాజాజీ, ప్రకాశం పంతులు ఉన్న మంత్రివర్గంతో సహా, ఆ పరిమితికే కట్టుబడ్డారు. ఇంటికీ వాహనానికీ భత్యాలు వేరే ఉండేవన్నది నిజమే. అయినా అంతకు ముందు మంత్రులు వేలల్లో జీతాలు తీసుకున్న కాలంలో ఆ అంకె ప్రజలకు ఒక మాట గట్టిగా చెప్పింది.

లెక్కల మాస్టారు:

మాట చెప్పడం వేరు, ఖజానాకు మిగలడం వేరు. 2020 ఏప్రిల్ నుంచి ఏడాది పాటు ఎంపీల జీతంలో 30 శాతం కోత పెట్టారు. అప్పటి జీతం నెలకు లక్ష రూపాయలు కనుక ఒక్కొక్కరికీ ఏడాదికి తగ్గింది 3.6 లక్షలు. ఉభయ సభల్లో అన్ని స్థానాలూ నిండి ఉన్నాయనుకున్నా మొత్తం 28 కోట్ల చిల్లర. ఆ ఏటి కేంద్ర బడ్జెట్టు 30 లక్షల కోట్లు దాటింది. అదే నిర్ణయంలో భాగంగా, ఎంపీకి ఏడాదికి 5 కోట్ల చొప్పున ఇచ్చే నియోజకవర్గ అభివృద్ధి నిధులను రెండేళ్ళ పాటు నిలిపివేస్తున్నట్టు ప్రకటించారు (2021 నవంబరులో పాక్షికంగా పునరుద్ధరించారు). అసలు డబ్బు అక్కడ ఉంది, పొగడ్తలన్నీ మాత్రం జీతాల కోతకు దక్కాయి. ఇటువంటి కోతలు ప్రజల దృష్టిని పెద్ద పద్దుల మీది నుంచి చిన్న పద్దుల మీదికి మళ్ళిస్తాయన్నది నా అభ్యంతరం.

చరిత్ర విద్యార్థిని:

నిర్మొహమాటి గారి వాదనలో నాకు కనిపించే ప్రమాదం వేరు. చట్టసభ సభ్యులకు జీతం ఉండాలన్నది పేదల పక్షాన పుట్టిన కోరిక. 1838లో బ్రిటన్ కార్మికులు రూపొందించిన ప్రజా చార్టరులోని ఆరు డిమాండ్లలో అది ఒకటి. అక్కడి ఎంపీలకు ఏడాదికి 400 పౌండ్ల జీతం మంజూరైనది 1911లో, అంటే ఏడు దశాబ్దాలు దాటిన తరువాత. అంతవరకూ పార్లమెంటులో కూర్చోవాలంటే ఆస్తి అయినా ఉండాలి, పోషించే సంఘమైనా ఉండాలి. జీతం తగ్గించడాన్నే నైతికతకు కొలమానంగా పెట్టుకుంటే, ఆ పరీక్షలో తేలికగా నెగ్గేది వ్యాపారాలున్నవారే.

నెలకు రూపాయి జీతం తీసుకుంటామని ప్రకటించిన ముఖ్యమంత్రులను మనం చూశాం. 1991లో తమిళనాడు ముఖ్యమంత్రి అయిన జయలలిత అలాగే రూపాయి తీసుకున్నారు. ఆదాయానికి మించిన ఆస్తుల కేసు వచ్చింది సరిగ్గా ఆ పదవీకాలం గురించే. 2014లో ప్రత్యేక న్యాయస్థానం శిక్ష విధించగా, 2015లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. 2017లో సుప్రీంకోర్టు ఆమెతో పాటు నిందితులైన మిగిలిన ముగ్గురి శిక్షను పునరుద్ధరించేనాటికి ఆమె మరణించినందున ఆమెపై అప్పీలు అక్కడితో ముగిసింది. న్యాయస్థానాల తీర్పుల సంగతి అటుంచి, రూపాయి జీతం ప్రజలకు ఏమి హామీ ఇచ్చిందో ఎవరైనా చెప్పగలరా? సైకిలు మీద పార్లమెంటుకు వెళ్ళిన పుచ్చలపల్లి సుందరయ్య గారిని నేనూ గౌరవిస్తాను. అయితే ఆయన తన కుటుంబ ఆస్తిని సైతం వదులుకున్న మనిషి. ఆ నడవడిని నిబంధనగా మార్చి అందరికీ తొడగలేము.

న్యాయవాది:

ఇంతవరకూ అందరూ ‘ఎంత’ అన్న దాని మీదే వాదిస్తున్నారు. ‘ఎవరు నిర్ణయిస్తున్నారు’ అన్నది దానికన్నా ముందు అడగవలసిన ప్రశ్న. రాజ్యాంగంలోని 106వ అధికరణం ప్రకారం ఎంపీల జీతభత్యాలను పార్లమెంటే చట్టం ద్వారా నిర్ణయిస్తుంది. 195వ అధికరణం శాసనసభలకు అదే అధికారం ఇచ్చింది. తమ జీతం బిల్లుపై తామే ఓటు వేసే ఉద్యోగులు దేశంలో మరెవరూ లేరు. ఆ అధికారం ఎంత దూరం పోగలదో ఉత్తరప్రదేశ్ చూపింది. మంత్రుల జీతాలపై ఆదాయపు పన్నును ప్రభుత్వమే చెల్లించాలని 1981లో అక్కడ చేసిన చట్టం, ఎన్ని పార్టీలు మారినా, 2019లో పత్రికలు బయటపెట్టేదాకా నిశ్శబ్దంగా అమలైంది. అదే రాష్ట్రంలో మాజీ ముఖ్యమంత్రులకు జీవితాంతం ప్రభుత్వ బంగళాలు ఉండటం చెల్లదని 2016లో సుప్రీంకోర్టు చెబితే, సభ వెంటనే చట్టాన్ని సవరించి ఆ బంగళాలను నిలబెట్టింది. 2018 మేలో సుప్రీంకోర్టు ఆ సవరణను కూడా కొట్టివేసింది. పదవి దిగిన తరువాత వారూ సామాన్య పౌరులతో సమానమేనన్నది ఆ తీర్పు సారాంశం.

బ్రిటన్‌లో 2009లో ఎంపీల ఖర్చుల కుంభకోణం బయటపడింది. తన పల్లెటూరి భవంతి చుట్టూ ఉన్న కందకం శుభ్రం చేయించిన ఖర్చును కూడా క్లెయిముల్లో చూపినవారున్నారు. స్పీకరు రాజీనామా చేశారు, కొందరు జైలుకు వెళ్ళారు. ఆ తరువాత ఖర్చుల తనిఖీనీ, మరి కొంతకాలానికి జీతాల నిర్ణయాన్నీ ఒక స్వతంత్ర సంస్థకు అప్పగించారు. ఆ సంస్థ 2015లో జీతాన్ని 67,060 పౌండ్ల నుంచి 74,000 పౌండ్లకు పెంచింది. ప్రధానమంత్రి వద్దన్నా ఆగలేదు. అంటే స్వతంత్ర సంస్థ పెట్టినంత మాత్రాన జీతం తగ్గుతుందని ఎవరూ ఆశపడనక్కరలేదు. అయితే ఆ పెంపుకు కారణాలు కాగితం మీద ఉన్నాయి, ఎంపీలు దానికి ఓటు వేయలేదు.

నిర్మొహమాటి:

విద్యార్థిని గారూ, జీతం ఉండకూడదని నేను అనలేదు. జీతానికీ భత్యానికీ మధ్య ఉన్న తేడా మీదే నా పట్టుదల. తెలంగాణలో 2016లో ఎమ్మెల్యేల ఆదాయం నెలకు రెండున్నర లక్షలకు పెరిగినప్పుడు, అందులో జీతం 20,000 మాత్రమే. మిగిలిన 2,30,000 నియోజకవర్గ భత్యం. జీతం తక్కువే అని చెప్పుకోవడానికి ఈ ఏర్పాటు బాగా పనికివస్తుంది.

ఇక మాస్టారు గారి 28 కోట్ల లెక్కకు నా జవాబు. ఆదర్శం వల్ల ప్రయోజనం ఖజానాకు మిగిలే సొమ్ములో లేదు, అనుభవంలో ఉంది. ఆసుపత్రి వరుసలో ఎప్పుడూ నిలబడని వాడు ఆ వరుస ఎంత పొడవో కాగితంలో చదివి తెలుసుకుంటాడు. ఉరుగ్వే అధ్యక్షుడిగా 2010 నుంచి 2015 వరకు ఉన్న హోసే ముహికా జీతంలో దాదాపు 90 శాతం దానం చేసి, అధ్యక్ష భవనం కాదని తన చిన్న పొలంలోని ఇంట్లోనే ఉన్నారు. ఆ దానంతో దేశం పేదరికం తీరలేదు. కాని ఆయన పన్నుల గురించి మాట్లాడినప్పుడు ‘ముందు నీ సంగతి చూసుకో’ అనే అవకాశం ఎదుటివారికి లేకుండా పోయింది.

లెక్కల మాస్టారు:

ఎదుటివారి నోరు మూయించడం పాలనకు కొలమానం కాదని నా అభిప్రాయం, దాని మీద మనం ఏకీభవించబోము. భత్యాల విషయంలో మాత్రం మీతో ఉన్నాను. బిల్లు చూపితేనే భత్యం అన్న ఒక్క నియమం పెడితే, ఎవరి త్యాగబుద్ధి మీదా ఆధారపడనక్కరలేదు. పింఛన్ల సంగతి కూడా అంతే. ఎన్నిసార్లు గెలిచినా ఒక్కటే పింఛను అని పంజాబ్ 2022లో చట్టం చేసింది. ఇతర రాష్ట్రాలకు అడ్డుపడుతున్నదేమిటో నాకు అర్థం కాదు.

న్యాయవాది:

అడ్డుపడుతున్నది నేను పైన చెప్పిన 195వ అధికరణమే. దానికి రాజ్యాంగ సవరణ వరకూ వెళ్ళకుండానే ఒక మధ్యేమార్గం ఉంది. సభ్యుల జీతం మార్చే ఏ చట్టమైనా మధ్యలో ఒక ఎన్నిక జరిగిన తరువాతే అమలు కావాలని అమెరికా రాజ్యాంగపు 27వ సవరణ చెబుతుంది. 1789లో ప్రతిపాదించిన ఆ సవరణకు ఆమోదం పూర్తయింది 1992లో. తమను కట్టడి చేసే నియమం పట్ల చట్టసభల ఉత్సాహం ఎక్కడైనా ఒకటే. మన దగ్గర 2018లో చేసిన మార్పు ప్రకారం ఎంపీల జీతం అయిదేళ్ళకోసారి ధరల సూచీతో పాటు పెరుగుతుంది. ఆ లెక్కన 2025 మార్చిలో జీతాన్ని 1.24 లక్షలకూ, మాజీల పింఛనును 25,000 నుంచి 31,000కూ పెంచారు. ఆ పెంపు 2023 ఏప్రిల్ 1 నుంచి, అంటే వెనకటి తేదీ నుంచి, వర్తించింది. వచ్చే సవరణను దాని తరువాతి లోక్‌సభకు వర్తింపజేయడానికి సాధారణ చట్టం చాలు. ఏ పార్టీ అయినా తన ఎన్నికల ప్రణాళికలో ఈ ఒక్క వాక్యం రాయడానికి సిద్ధపడుతుందా అన్నది చూడాలి.