ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ చేంజర్‌కు సైబర్ రక్షణ: ఎం.టెక్. ప్రాజెక్టుకు సలహా కావాలి

తిరుపతి విద్యార్థిని:
నేను తిరుపతిలో పవర్ సిస్టమ్స్‌లో ఎం.టెక్. చేస్తున్నాను. ఐఈసీ 61850 ప్రమాణంతో (పరికరాలు ఒకదానితో ఒకటి సమాచారం పంచుకునే పద్ధతితో) నడిచే సబ్‌స్టేషన్‌లో రిలేల (లోపాన్ని పసిగట్టి బ్రేకర్‌ను తెరిపించే పరికరాల) మధ్య తిరిగే గూస్ అనే అతివేగపు సందేశాలను ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతిని ప్రాజెక్టుగా తీసుకుందామనుకుంటే, మా గైడ్ గారు "ట్రాన్స్‌ఫార్మర్‌కు సంబంధం ఉండేలా చూడమ్మా" అన్నారు. 132/33 కె.వి. ట్రాన్స్‌ఫార్మర్‌ను తీసుకుంటే పని ఎక్కడ మొదలుపెట్టాలో అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

రిలే టెస్టింగ్, రేణిగుంట:
బ్రేకర్‌ను తెరవమనే ట్రిప్ సందేశం 3, 4 మిల్లీసెకన్లలో అవతలి రిలేకు చేరాలి కాబట్టి ఎన్‌క్రిప్షన్ అక్కడ భారమే అవుతుంది. పైగా గూస్‌లో దాచవలసిన రహస్యమేమీ లేదు, పంపింది ఎవరన్నదే ప్రశ్న. సందేశంలోని స్టేటస్ నంబరును (స్థితి మారినప్పుడల్లా పెరిగే అంకెను) పెంచి దొంగ సందేశం పంపితే, అసలు రిలే ఆ తర్వాత పంపేవి పాతవిగా పక్కకు పోతాయి. దీనిమీద ఇప్పటికే చాలా పరిశోధన జరిగింది. మీ గైడ్ గారి మాటే మేలు.

విశ్రాంత ఏ.డి.ఈ., చిత్తూరు:
అమ్మా, 2015 డిసెంబరు 23న ఉక్రెయిన్‌లో సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు పోయినప్పుడు, చొరబాటుదారులు ఆపరేటర్ల లాగిన్‌లతోనే లోపలికి వచ్చి బ్రేకర్లు తెరిచారు. సక్రమమైన లాగిన్‌తో వచ్చిన ఆదేశాన్ని పంపింది ఎవరో రుజువు చేసే ఏ డిజిటల్ సంతకమూ ఆపలేదు. అందుకే కంట్రోల్ రూమ్ స్క్రీన్ చెప్పేది నిజమో కాదో ట్రాన్స్‌ఫార్మర్‌నే అడగాలని నా అభిప్రాయం. ట్యాప్ చేంజర్ వైండింగ్ చుట్లను మెట్లు మెట్లుగా మార్చి వోల్టేజీని సరిచేస్తుంది, ఒక్కో మెట్టుకు సాధారణంగా 1.25 శాతం కనుక, రెండువైపుల వోల్టేజీల నిష్పత్తిని బట్టి ట్యాప్ ఎక్కడుందో లెక్క కట్టి, స్క్రీన్ మీది అంకెతో పోల్చవచ్చు. అయితే లోడును మరిచిపోకూడదు. ఇంపీడెన్స్ 10 శాతం, పవర్ ఫ్యాక్టర్ 0.8 అనుకుంటే, పూర్తి లోడులో వోల్టేజీ సుమారు 6 శాతం తగ్గుతుంది, అంటే దాదాపు ఐదు మెట్లు. బోరు మోటార్లు నడిచే మా చిత్తూరు పల్లెల్లో పగటిపూట ఈ సవరణ లేకుండా లెక్కిస్తే ప్రతి పూటా తప్పుడు అలారమే మోగుతుంది.

తిరుపతి విద్యార్థిని:
ధన్యవాదాలు సర్. పీటీల (వోల్టేజీని కొలవడానికి వీలుగా తగ్గించి ఇచ్చే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ల) కొలతలోనే దోషం ఉంటుంది కదా, ఒక్క మెట్టు తేడాను అది మింగేయదా?

విశ్రాంత ఏ.డి.ఈ., చిత్తూరు:
చక్కటి ప్రశ్న. పీటీలో మీటర్లకు వాడే మీటరింగ్ కోర్ 0.5 తరగతి (దోషం 0.5 శాతం వరకు) అయితే రెండువైపులా కలిపి 1 శాతం వరకు రావచ్చు. రక్షణకు వాడే 3పీ తరగతి కోర్ నుంచి తీసుకుంటే ఒక్కవైపే 3 శాతం దాకా పోవచ్చు, అది మీకు పనికిరాదు. ఈ దోషంలో ఎక్కువ భాగం స్థిరంగా ఉంటుంది కనుక, లోడు బాగా తగ్గిన రాత్రివేళ, ట్యాప్‌ను మార్చే డ్రైవ్ మెకానిజం బాక్సు అద్దంలో కనిపించే ట్యాప్ అంకెను కళ్ళతో చూసి రాసుకుని, ఆ క్షణపు వోల్టేజీలతో సరిపోల్చి, వచ్చిన తేడాను సవరణగా పెట్టుకోండి. ఆ సవరణ తర్వాత ఒక్క మెట్టు అబద్ధం దొరుకుతుందా, రెండు మెట్లయితేనే దొరుకుతుందా అన్నదాన్నే మీ ప్రాజెక్టులో తేల్చండి.