పాత ఇంగ్లీషు ఉత్తరాల్లో తెలిసిన మాటలే మోసం చేస్తున్నాయి

నల్లకుంట_అనువాదం:
1790–1840 మధ్య ఈస్టిండియా కుంపిణీ ఉద్యోగులు హైదరాబాదు రెసిడెన్సీ నుంచీ, మద్రాసు నుంచీ రాసుకున్న ఉత్తరాలు తెలుగు చేస్తున్నాను. ‘సెన్నైట్’ లాంటి వింత మాటలతో బాధ లేదు, నిఘంటువు తీస్తే వారం రోజులని తెలిసిపోతోంది. చిక్కంతా మామూలు మాటలతోనే. ‘నైస్ డిస్టింక్షన్’ని ‘మంచి తేడా’ అంటే అతకడం లేదు. ‘ఫ్యాక్టరీ’లో యంత్రాల ఊసే లేదు. పత్తి ‘వంద క్యాండీలు’ అంటాడు. నిజాం చూపిన ‘కాండిసెన్షన్’కి కృతజ్ఞతలు కూడా చెబుతాడు! వీటిని పట్టుకునే పద్ధతి ఉందా? భాష పాతది కాబట్టి గ్రాంథికంలో రాయాలా?

తార్నాక_పదకోశం:
ముందు మీరడిగినవి. అక్కడ ‘నైస్’ అంటే సూక్ష్మమైన అని. లాటిన్‌లో ఏమీ తెలియనివాడనే మాట నుంచి పుట్టి, మొదట తెలివితక్కువ, తర్వాత అతి పట్టింపు, ఆపైన నిశితమైన అనే అర్థాల మీదుగా ఇప్పటి ‘బాగుంది’కి వచ్చింది. ‘ఫ్యాక్టరీ’ అంటే వర్తక స్థావరం. 1611లో మచిలీపట్నంలో ఇంగ్లీషువాళ్లు పెట్టింది అదే. అక్కడి ‘రైటర్’ రచయిత కాదు, కుంపిణీలో అడుగు మెట్టు గుమాస్తా. ‘కాండిసెన్షన్’ అప్పట్లో పొగడ్త: పెద్ద హోదాలో ఉన్నవాడు చిన్నవాళ్లతో కలుపుగోలుగా, దయగా ఉండటం. ‘చులకన’ అని రాశారో, ఉత్తరం మొత్తం తలకిందులవుతుంది.

‘క్యాండీ’ మన ఖండి. మద్రాసు లెక్కలో 25 పౌండ్ల మణుగులు 20, అంటే 500 పౌండ్లు. ప్రాంతాన్ని బట్టి తూకం మారేది, కాబట్టి ఉత్తరం ఏ ఊరిదో చూడకుండా కిలోల్లోకి మార్చకండి. ‘కార్న్’ కనబడగానే మొక్కజొన్న అనేయడం కూడా తరచూ జరిగే తప్పు. ఇంగ్లండువాడికి అది ఏ ధాన్యమైనా కావచ్చు. దక్కను ఉత్తరంలో జొన్నలో, సజ్జలో సందర్భం చెప్పాలి, లేదంటే ‘ధాన్యం’ అని ఊరుకోవడమే మేలు.

ఇక పద్ధతి. చిన్న నిఘంటువులు పాత అర్థాలను తీసేస్తాయి, విద్యార్థుల కోసం వేసినవి వాడుకలో ఎక్కువున్న అర్థాన్ని ముందు పెడతాయి. పెద్ద ఆక్స్‌ఫర్డ్ చూడండి. అందులో అర్థాలు పుట్టిన వరుసలో ఉంటాయి, చచ్చిపోయిన అర్థం ముందు బాకు గుర్తు (†) ఉంటుంది. ఆ అర్థం కింద ఇచ్చిన చివరి ఉదాహరణ ఏ సంవత్సరానిదో చూసి మీ ఉత్తరం తేదీతో పోల్చుకోండి. దాని పక్కన జాన్సన్ 1755 నిఘంటువు, మన దేశపు మాటలకు 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ ఉంటే చాలావరకు తేలిపోతుంది.

అర్థం ఇంతలా మారడం వింతేం కాదు. కంపు ఒకప్పుడు ఏ వాసనకైనా మాట, ఇంగ్లీషు ‘స్టింక్’ కూడా అంతే. నువ్వుల నుంచి తీసింది నూనె, ఆలివ్ నుంచి తీసింది ‘ఆయిల్’. రెండూ ఇప్పుడు దేన్నుంచి తీసినా సరిపోతున్నాయి. చీర, ‘మీట్’ రెండూ కుదించుకుపోయాయి: ఒకటి ఏ బట్టకైనా, రెండోది ఏ తిండికైనా చెల్లేవి.

చిక్కడపల్లి_లైబ్రరీ:
తేదీలు జాగ్రత్తండీ. ‘ఇన్‌స్టంట్’ అంటే ఈ నెల, ‘అల్టిమో’ పోయిన నెల, ‘ప్రాక్సిమో’ వచ్చే నెల. జనవరి 3న రాసిన ఉత్తరంలో ‘28 అల్టిమో’ ఉంటే డిసెంబరు 28, అంటే వెనకటి సంవత్సరం.

1800కు ముందు అచ్చయినవాటిలో మాట మొదట్లో, మధ్యలో వచ్చే పొడుగు ‘ఎస్’ అచ్చం ‘ఎఫ్’లా ఉంటుంది. అడ్డగీత ఎడమవైపే ఉంటుంది, లేదా అసలుండదు. స్కాన్‌లో ‘ఫచ్’ వస్తే ‘సచ్’ అని తేలిగ్గా దొరుకుతుంది. ‘సేమ్’ కాస్తా ‘ఫేమ్’ అయితేనే ప్రమాదం, రెండూ అసలు మాటలే కాబట్టి. కంప్యూటర్ తీసిన పాఠాన్ని నమ్మకుండా బొమ్మ చూసి సరిచేయండి.

బర్కత్‌పుర_నుంచి:
గ్రాంథికం వద్దు. ఆ ఉత్తరం రాసినవాడికి అది పాత భాష కాదు, ఆ రోజు మాట్లాడుకున్న భాష. పాతదనం మనం అద్దితే అతని గొంతు పోతుంది. పాత వస్తువుల పేర్లు మాత్రం పాతవే ఉంచండి: మణుగు, ఖండి, పల్లకి. ట్యాంక్‌బండ్ ఉన్న ఊళ్లో ‘ట్యాంక్’ అంటే చెరువని వేరే చెప్పక్కర్లేదు.

నల్లకుంట_అనువాదం:
చాలా సంతోషం. ఇంకొక్కటి: ‘ది ట్యాంక్ వాంట్స్ ఎ బండ్’. చెరువుకు కట్ట కావాలి అనా?

తార్నాక_పదకోశం:
చెరువుకు కట్ట లేదు అని. ‘వాంట్’కి పాత అర్థం లేకపోవడమే; కోరడం తర్వాత వచ్చింది. మీ ఉత్తరాల కాలానికి రెండూ వాడుకలో ఉన్నాయి, అందుకే కర్తను చూడండి. చెరువుకు కోరిక ఉండదు కాబట్టి ఇక్కడ అనుమానం లేదు. మనిషి కర్తగా ఉంటే ముందు వెనకల వాక్యాలు చదివాకే తేల్చండి. ‘వాంట్ ఆఫ్ కార్న్’ అయితే ధాన్యం కొరత.