జాకింథోస్ తాబేళ్ల తీరం: భూయజమానులకు పరిహారం ఇవ్వకుండా సంరక్షణ నిలుస్తుందా?

తీరరేఖ:
గ్రీసుకు పశ్చిమాన అయోనియన్ సముద్రంలో ఉన్న జాకింథోస్ ద్వీపం గురించి ఈ చర్చ ప్రారంభిస్తున్నాను. ద్వీపానికి దక్షిణాన ఉన్న లగానాస్ అఖాతంలో సుమారు అయిదున్నర కిలోమీటర్ల ఇసుక తీరం ఆరు ముక్కలుగా పరచుకొని ఉంది. మధ్యధరా సముద్రపు లాగర్‌హెడ్ తాబేళ్లకు అది అతి ముఖ్యమైన గుడ్లు పెట్టే చోట్లలో ఒకటి. వేసవి రాత్రులలో ఆడ తాబేలు ఒడ్డుకు పాకి వచ్చి, వెనుక తెడ్లతో గుంత తవ్వి, సుమారు 100 గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతుంది. దాదాపు రెండు నెలలకు పిల్లలు పైకి వచ్చి, సముద్రం మీది వెలుతురును ఆనవాలుగా పట్టుకొని నీటివైపు పరుగెత్తుతాయి. వెనుక హోటల్ దీపాలు వెలుగుతూ ఉంటే అవి దారి తప్పి నేలవైపు నడిచి, తెల్లవారే సరికి ఎండకు చనిపోతాయి.

1999లో ఇక్కడ జాతీయ సముద్ర ఉద్యానవనం ఏర్పడింది. గుడ్లు పెట్టే తీరాలకు రాత్రిపూట ఎవరూ వెళ్లకూడదన్నారు, అఖాతంలో పడవల వేగానికి హద్దు పెట్టారు, ఒక భాగంలో పడవలనే నిషేధించారు. ఈ నియమాలన్నీ అవసరమేనని నమ్ముతాను. నా ప్రశ్న సెకానియా, దాఫ్ని అనే రెండు తీరాల గురించి. కిలోమీటరు కూడా లేని సెకానియా, మధ్యధరా అంతటిలోనూ అత్యంత దట్టంగా తాబేలు గూళ్లు పడే తీరాలలో ఒకటి. దాని వెనుక ఉన్న భూమిని 1994లో ప్రకృతి సంరక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ గ్రీసు శాఖ డబ్బు పెట్టి కొన్నది. నేడు అక్కడికి సందర్శకులు వెళ్లరు, తగాదా కూడా లేదు. దాఫ్నిలో మాత్రం భూమి ప్రైవేటు యజమానుల చేతిలోనే ఉంది, కట్టడాలు మాత్రం కూడదన్నారు. తమకు పరిహారం అందలేదన్న ఫిర్యాదు అక్కడ ఏళ్ల తరబడి వినిపిస్తూనే ఉంది, అక్రమ కట్టడాలూ లేచాయి. ఒకే అఖాతంలో, ఒకే తాబేలు కోసం, ఇంత తేడా ఎందుకు వచ్చిందో ఆలోచించమని కోరుతున్నాను. కొనుగోలు చేసిన చోట సంరక్షణ నిలిచింది, కేవలం ఆజ్ఞాపించిన చోట నిలవలేదు అన్నదే నా వాదం.

న్యాయదృష్టి:
తీరరేఖ గారి సదుద్దేశం అర్థమవుతోంది గాని, ఈ వాదాన్ని అంగీకరించలేను. గ్రీసు రాజ్యాంగం 17వ అధికరణం ఆస్తిని స్వాధీనం చేసుకుంటే పూర్తి పరిహారం చెల్లించాలంటుంది, నిజమే. కాని ఇక్కడ ఎవరి భూమినీ తీసుకోలేదు, దాని వాడకానికి హద్దు గీశారు. 24వ అధికరణం ప్రకృతి పరిరక్షణను రాజ్య బాధ్యతగా చెబుతున్నప్పుడు, ఇసుక దిబ్బ మీద హోటల్ కట్టుకునే హక్కు మొదటినుంచీ ఎవరికీ లేదనే నేను భావిస్తాను. అంతకన్నా బలమైన అభ్యంతరం మరొకటి ఉంది. నియమాన్ని ఉల్లంఘించి కట్టిన వారికీ నేడు పరిహారం ఇస్తే, ఇన్నేళ్లూ చట్టాన్ని గౌరవించి చేలను ఖాళీగా ఉంచుకున్న పొరుగువారు మోసపోయినట్లే కదా?

అంకెలచూపు:
ఇంకొక కోణం కూడా చూడాలి. మధ్యధరా లాగర్‌హెడ్ తాబేళ్ల ఉపసమూహాన్ని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2015లో ఆందోళన అతి తక్కువగా ఉన్న వర్గంలో చేర్చింది. సంఖ్య మెరుగుపడుతున్నప్పుడు నియమాలను కొంత సడలించి, యజమానులకు వెసులుబాటు ఇవ్వవచ్చు కదా?

తీరరేఖ:
అంకెలచూపు గారికి ముందుగా సమాధానం చెబుతాను. లాగర్‌హెడ్ ఆడ తాబేలు గుడ్లు పెట్టే వయసుకు రావడానికి ఇరవై, ముప్పై ఏళ్లు పడుతుంది. అంటే నేడు ఆ ఇసుక మీదికి పాకుతున్న తల్లులలో చాలా వాటిని బతికించినది 1990లలోనూ, ఆ తరవాతి తొలి సంవత్సరాలలోనూ పడిన శ్రమ. ఈ వేసవి చేసే తప్పు 2045 ప్రాంతంలో గాని మనకు కనిపించదు. పైగా ఆ వర్గీకరణలోనే, ఈ మెరుగుదల పూర్తిగా సంరక్షణ చర్యల మీదే ఆధారపడి ఉందన్న హెచ్చరిక ఉంది.

న్యాయదృష్టి గారి రెండవ అభ్యంతరం నన్ను ఆలోచింపజేసింది, దానిని ఒప్పుకుంటున్నాను. అక్రమంగా కట్టిన వారికి ఒక్క యూరో కూడా ఇవ్వకూడదు. పరిహారం ఖాళీగా ఉంచిన నేలకే దక్కాలి, కట్టడాలను తొలగించాలి. అయితే మొదటి అభ్యంతరం దగ్గర ఆగుతాను. యూరోపియన్ న్యాయస్థానం 2002 జనవరి 30న గ్రీసుకు వ్యతిరేకంగా ఇచ్చిన తీర్పులో లగానాస్ ఇసుక మీద తిరిగిన మోపెడ్లను, అదే అఖాతంలోని గెరాకాస్, దాఫ్ని తీరాల నీళ్లలోని తొక్కుడు పడవలను, దాఫ్నిలోని అక్రమ కట్టడాలను ప్రస్తావించింది. కాగితం మీద చట్టం ఉండగానే ఇవన్నీ జరిగాయి. ఆ తీర్పు దేశాన్ని దోషిగా నిలబెట్టగలదు గాని, రాత్రి పదకొండు గంటలకు తీరం మీద కాపలా ఉండలేదు. ఆ పని చేయగలిగిన వారు ఆ ఊరి వారే, వారిని మనం శత్రువులుగా చేసుకుంటున్నాం.

నన్ను ఎక్కువగా బాధించే విషయం మరొకటి. లగానాస్ పట్టణంలో ముందుగా హోటళ్లు కట్టుకున్న వారు నేడు అదే తాబేలును చూపించి, పడవలలో పర్యాటకులను తిప్పి సంపాదిస్తున్నారు. పక్కనే చేలను ఖాళీగా వదిలిన రైతు ఆ తాబేలు బరువును తానొక్కడే మోస్తున్నాడు. లాభం ఒకరిది, భారం మరొకరిది అయినప్పుడు దానిని న్యాయం అని ఏ అధికరణం పేరుతో అన్నా నాకు మింగుడుపడదు.

శ్రీకాకుళం తీరవాసి:
మా ఒడ్డుకూ ఆలివ్ రిడ్లే తాబేళ్లు వస్తాయి. ట్రాలర్ వలలలో చిక్కి చచ్చి కొట్టుకొచ్చిన వాటిని చలికాలం ముగిసేలోపు ఎన్నో చూస్తాం, అందుచేత ఈ చర్చ నాకు దూరదేశపు కథగా అనిపించదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని మా తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరపడవల వేట ఆపుతారు. ఆ రోజులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నుంచి ఒక్కొక్క మత్స్యకారుడికి 10,000 రూపాయలు ఇచ్చేది, 2025లో దానిని 20,000 చేశారు. ఆ సొమ్ము సరిపోతుందా అన్నది వేరే మాట. కాని ఇంట్లో పొయ్యి వెలిగితేనే ఒడ్డున కట్టిన పడవ కదలకుండా ఉంటుంది, ఇది మాకు అనుభవమే. ఒక తేడాను మాత్రం తీరరేఖ గారు గమనించాలి. మా వేట విరామం రెండు నెలలకు ముగుస్తుంది. దాఫ్ని రైతుది ఎప్పటికీ ముగియదు. ఒక్కసారి డబ్బు చేతిలో పెట్టి సంతకం తీసుకుంటే, ఆ మొత్తం ఖర్చయిపోయాక అతని కొడుకు మళ్లీ గునపం పట్టుకుంటాడు.

తీరరేఖ:
మీరు చెప్పిన తేడా నాకు తట్టలేదు, కృతజ్ఞతలు. అలా చూస్తే ఒక్కసారి ఇచ్చే పరిహారం కన్నా ఏటేటా చెల్లించే కౌలు మేలు. భూమి యజమానిదిగానే ఉంటుంది, దీపం వెలగని, కట్టడం లేవని ప్రతి సంవత్సరానికీ అతనికి కౌలు ముడుతుంది, నియమం తప్పిన ఏడు ఆగిపోతుంది. తాబేళ్లను చూపించే పడవల టికెట్టు నుంచి కొంత భాగాన్ని ఇందుకు మళ్లించాలని ప్రతిపాదిస్తున్నాను. అలా చేస్తే లగానాస్ పడవ యజమానులు అడ్డుపడతారనీ తెలుసు. ఈ కౌలును కూడా న్యాయదృష్టి గారు అక్రమానికి బహుమానమే అంటారా, చెప్పవలసిందిగా కోరుతున్నాను.

న్యాయదృష్టి:
అనను. ఖాళీ నేలకే చెల్లిస్తామంటున్నారు గనుక అభ్యంతరం చాలావరకు తొలగింది. అయితే మొదటి కౌలు చెల్లించే ముందే ఉన్న కట్టడాలు కూలాలి. ఆ క్రమం తారుమారైతే నేను మళ్లీ ఎదురు నిలుస్తాను.