పడగ్గది పక్కనే ట్రాన్స్‌ఫార్మర్: రొమ్ము క్యాన్సర్ ముప్పు ఉందా?

ప్రశ్న: పడగ్గది గోడకి 4 మీటర్లలో 11 కేవీ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. ఫోన్ యాప్‌లో అయస్కాంత క్షేత్రం 43 మైక్రోటెస్లా చూపిస్తోంది. ఆడవాళ్లకి రొమ్ము క్యాన్సర్ వస్తుందంటున్నారు, నిజమేనా? సరిగ్గా కొలిచేదెలా?

జవాబు 1: ఆ 43 దాదాపుగా భూమి అయస్కాంత క్షేత్రమేనండీ. ఫోన్‌లో ఉన్నది దిక్సూచి సెన్సర్, కరెంటు తీగల నుంచి వచ్చే, సెకనుకి 50 సార్లు ఊగే (50 హెర్ట్జ్) క్షేత్రానికి పనికిరాదు. మూడు దిక్కుల్లోనూ అయస్కాంత క్షేత్రం కొలిచే గాస్‌మీటర్ తెచ్చుకోండి (1 మిల్లీగాస్ అంటే 0.1 మైక్రోటెస్లా). మంచం మీద ఛాతీ ఆనే చోట పెట్టి, ఏసీలన్నీ నడిచే రాత్రి వేళ ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి చూడండి. వోల్టేజీ కాదు, పారే కరెంటే లెక్క. తర్వాత మెయిన్ ఆపండి. రీడింగ్ పడిపోతే మూలం మీ ఇంట్లోనే, దగ్గరున్న పరికరమో వైరింగో. వైరింగ్ అయితే ఎక్కడో న్యూట్రల్ ఎర్త్‌తో కలిసిపోయి ఉండొచ్చు. వెళ్లే కరెంటు, తిరిగొచ్చే కరెంటు చెరో దారి పడితే వాటి క్షేత్రాలు రద్దు కావు.

జవాబు 2: క్యాన్సర్ సంగతి. కరెంటు వాడకం (రాత్రి వెలుతురు, తీగల క్షేత్రాలు) వల్ల రాత్రిపూట నిద్ర హార్మోన్ మెలటోనిన్ తగ్గి రొమ్ము క్యాన్సర్ పెరుగుతుందేమోనని 1987లో స్టీవెన్స్ అనే పరిశోధకుడు ఊహించారు. 1993లో లిబర్డీ బృందం ప్రయోగశాలలో ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాలపై 1.2 మైక్రోటెస్లా దగ్గర, వాటి పెరుగుదలకి మెలటోనిన్ వేసే అడ్డుకట్ట సడలడం చూసింది. కానీ అవి గాజుపాత్రలో కణాలు. న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లో ఇళ్లలో కొలిచి చేసిన అధ్యయనంలో (2003) సంబంధం కనబడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ ఈ క్షేత్రాలకి 2002లో ఇచ్చిన 2బీ ముద్ర (క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండొచ్చు అని) పిల్లల ల్యుకేమియా (రక్త క్యాన్సర్) ఆధారంగా, రొమ్ము క్యాన్సర్ వల్ల కాదు. నైట్‌షిఫ్టుకైతే అంతకంటే బలమైన 2ఏ (బహుశా క్యాన్సర్ కలిగిస్తుంది అని) ఇచ్చారు, అది ఎవరికీ పట్టదు!

జవాబు 3: అడ్డుకుంటాయని అల్యూమినియం రేకు, స్టిక్కర్లు కొనకండి. 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రం వాటిలోంచి పోతుంది. మంచం అవతలి గోడకి జరపండి, చాలు.