అమ్మ పోయాక ప్రార్థన నోటికి రావడం లేదు. మీరు మళ్ళీ ఎలా మొదలుపెట్టారు?

నైట్ డ్యూటీ నర్స్:

అందరికీ ప్రభువు పేరిట వందనాలు.

మాది బాపట్ల దగ్గర పల్లెటూరు, లూథరన్ సంఘం. ఇప్పుడు హైదరాబాద్‌లో ఐసీయూ నర్సుగా చేస్తున్నాను. నెలలో సగం రోజులు నైట్ డ్యూటీలే. ఇంట్లో మా ఆయన, ఏడేళ్ళ బాబు, నేను.

పోయిన ఏడాది అమ్మ చనిపోయింది. కిడ్నీలు పాడై పద్నాలుగు నెలలు డయాలసిస్ మీద ఉంది. ఆ చివరి రోజుల్లో నేను 21 రోజులు ఉపవాస ప్రార్థన చేశాను, డ్యూటీకి వెళ్తూనే. భూస్థాపన అయిన మూడో రోజు సంఘంలో ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "నువ్వు ఇంకాస్త విశ్వాసంతో అడిగి ఉంటే దేవుడు నిలబెట్టేవాడమ్మా" అన్నారు. చెడ్డ ఉద్దేశంతో అనలేదని తెలుసు. కానీ ఆ రోజు నుంచి మోకరిస్తే నోట మాట రావడం లేదు. ఆదివారం గుడికి వెళ్తాను, కీర్తనలు పాడతాను, ప్రభువు బల్ల దగ్గరికీ వెళ్తాను. ఇంటికొచ్చాక బైబిల్ ముట్టుకోను.

చిన్నప్పుడు మా ఇంట్లో రాత్రి ఎనిమిదింటికి కుటుంబ ప్రార్థన. అమ్మ అన్నం వార్చి, చాప పరిచి పిలిచేది. నాన్న పురుషోత్తమ చౌదరి గారి కీర్తన ఒకటి ఎత్తుకునేవారు, అన్నయ్య వాక్యం చదివేవాడు. అమ్మ ప్రార్థనలోకి ఊరంతా వచ్చేసేది. ఎదురింటివాళ్ళ గేదె, వేటకెళ్ళి ఇంకా రాని పడవలు, పక్కవీధి అమ్మాయి కాన్పు, అన్నీ. నాకు నిద్ర ముంచుకొచ్చేది, ఎప్పుడవుతుందా అనిపించేది. మా బాబుకి అలాంటి సాయంత్రం ఒక్కటి కూడా తెలియదు. ఇదే నన్ను ఎక్కువ బాధపెడుతోంది.

అమ్మ బైబిల్ నా దగ్గరే ఉంది. పాత చీర గుడ్డతో తనే అట్ట కుట్టుకుంది. వెనక తెల్ల కాగితం మీద ప్రార్థన మనవులు నంబర్లు వేసి రాసుకుంది. నెరవేరిన వాటి పక్కన తేదీ వేసేది. 17వది "పాపకి నర్సింగ్ సీటు", పక్కన 2009. చివరిది 43: "పాప నైట్ డ్యూటీలు. నిద్ర." దాని పక్కన తేదీ లేదు. తన కిడ్నీల గురించి ఆ లిస్టులో ఎక్కడా లేదు. అది చూసి మూసిన బైబిల్ మళ్ళీ తెరవలేదు.

నా ప్రశ్న ఒకటే. మనసు లేకుండా రోజూ పద్ధతిగా చేస్తే విశ్వాసం తిరిగొస్తుందా, లేక అది వేషధారణ అవుతుందా? మీలో ఎవరికైనా ఇలా జరిగి ఉంటే ఏ టైములో, ఎంతసేపు, ఏం చేశారో చెప్పండి. దయచేసి "ప్రార్థన చెయ్యమ్మా" అని మాత్రం రాయకండి. నాకు రానిది అదే.

గుంటూరు మాస్టారు:

అమ్మా, ముందు ఆ పెద్దావిడ మాట గుండెలోంచి తీసేయి. మీ అమ్మగారి ప్రాణం నీ ప్రార్థన బలం మీద వేలాడలేదు.

రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా బదరీ చెట్టు కింద పడుకుని "ఇక చాలు, నా ప్రాణం తీసుకో" అన్నాడు. దేవదూత వచ్చి ప్రసంగం చెప్పలేదు. కాల్చిన రొట్టె, నీళ్ళు పెట్టి తినమన్నాడు. మళ్ళీ పడుకోనిచ్చాడు. మళ్ళీ లేపి మళ్ళీ తినిపించాడు. "ఇక్కడ నీకేమి పని?" అన్న ప్రశ్న ఎన్నో రోజుల తర్వాత, హోరేబు కొండ దగ్గర వచ్చింది. రాత్రంతా నిలబడి పనిచేసే దానివి. ముందు తిను, నిద్రపో. ఇది కూడా వాక్యమే చెబుతోంది.

మా పెద్దబ్బాయి పోయినప్పుడు నేనూ రెండేళ్ళు నీలాగే ఉన్నాను. బడిలో పిల్లలకి పాఠం చెప్పగలిగేవాణ్ణి, దేవుడితో ఒక్క మాట మాట్లాడలేకపోయేవాణ్ణి. అప్పుడు నాకు ఆసరా అయింది చిన్నప్పుడు కంఠస్థం చేసిన కేటకిజం, అంటే ప్రశ్నలు జవాబులుగా ఉండే విశ్వాస బోధ పుస్తకం. మార్టిన్ లూథర్ గారు 1529లో రాసిన ఆ చిన్న పుస్తకంలో రోజువారీ ప్రార్థనకి చెప్పింది చాలా కొంచెం. పొద్దున లేవగానే తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ అని త్రియేక దేవుని నామం తలుచుకుని, విశ్వాస ప్రమాణం, ప్రభువు నేర్పిన పరలోక ప్రార్థన చెప్పి, సంతోషంగా పనికి వెళ్ళమన్నారు. రాత్రీ అవే చెప్పి, వెంటనే నిశ్చింతగా నిద్రపొమ్మన్నారు. అంతా కలిపి రెండు మూడు నిమిషాలు పడుతుంది. నీ రాత్రి పొద్దున తొమ్మిదింటికి మొదలైతే అప్పుడే చెప్పుకో.

వేషధారణ సంగతి అడిగావు. మత్తయి 6లో ప్రభువు తప్పుపట్టింది మనుషులకు కనబడాలని వీధి మూలల్లో నిలబడి చేసే ప్రార్థనని. తలుపు వేసుకుని, మనసు ఎండిపోయి ఉన్నా చేసేది ఆ కోవలోకి రాదు. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని మార్కు 9లో, జబ్బు కొడుకుని ప్రభువు దగ్గరికి తెచ్చిన తండ్రి ఒక్క వాక్యంలోనే రెండూ చెప్పాడు. ప్రభువు అతని కొడుకుని బాగుచేశాడు. సొంత మాటలు రానప్పుడు ఉన్న మాటలే వాడుకో. సిలువ మీద మన ప్రభువు మొరపెట్టింది కూడా 22వ కీర్తన మాటలతోనే.

తెల్లవారుజాము:

మాస్టారు గారిని గౌరవిస్తూనే చెబుతున్నాను. కంఠస్థం చేసినవి వల్లించడం నాకు ఎప్పుడూ ఉపయోగపడలేదు. మాది పెంతెకోస్తు సంఘం. నేను ఉదయం నాలుగింటికి లేచి, మాటలు రాకపోయినా అరగంట ఊరికే ఆయన సన్నిధిలో కూర్చుంటాను. కొన్ని రోజులు ఏడుపు తప్ప ఏమీ ఉండదు. చెల్లీ, ఏడుపు వస్తే ఆపుకోవద్దు.

విజయవాడ అక్క:

మేం కతోలికులం, గుణదల దగ్గర ఉంటాం. మీ సంఘంలో జపమాల లేదని తెలుసు, దాన్ని పట్టుకోమని చెప్పను. నా అనుభవం మాత్రం చెబుతాను. మా వారు చనిపోయిన ఏడాది నేను మొత్తం జపమాల ఒక్కసారి కూడా చెప్పలేకపోయాను. ఆఫీసు బస్సులో పది పూసలు, ఒక్క రహస్యం (ప్రభువు, మరియమ్మ తల్లి జీవితాల్లోని ఒక ఘట్టాన్ని తలుచుకోవడం), అంతే. మంగళవారం, శుక్రవారం దుఃఖ దేవ రహస్యాలు వస్తాయి. గెత్సేమనే తోటలో ప్రభువు చెమట రక్తపు బిందువుల్లా పడడం దగ్గరే నెలల తరబడి ఆగిపోయాను. మనసు ఎటో పోయినా వేలి కింద పూస ఉండేది, అది నన్ను వెనక్కి తెచ్చేది. చేతికి ఏదో ఒక పని అప్పగించండి. రోజూ ఎలాగూ చేసే పనికి ముడిపెడితే మర్చిపోరు.

డల్లాస్ తమ్ముడు:

అక్కా, ఏడాదిలో బైబిల్ మొత్తం చదివే ప్లాన్ జోలికి ఇప్పుడు మాత్రం వెళ్ళకండి. 1189 అధ్యాయాలు, అంటే రోజుకి మూడు నాలుగు. నేను వరుసగా మూడేళ్ళు లేవీయకాండంలోనే ఆగిపోయాను. ఆగిన ప్రతిసారీ దేవుడికి బాకీ పడ్డట్టు టెన్షన్. తర్వాత కీర్తనలు మాత్రమే పెట్టుకున్నాను. 150 కాబట్టి రోజుకి అయిదు చొప్పున నెలలో అయిపోతాయి. మీరు ఒక్కటి చదివినా చాలు. 88వ కీర్తన చదవండి. అది చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది, చివర్లో ఓదార్పు ఏమీ లేదు. అలాంటిది కూడా బైబిల్లో ఉందని తెలిశాక నాకు కాస్త ఊపిరి ఆడింది.

ఒంటరిగా మాత్రం నావల్ల కాలేదు. ఇద్దరు ఫ్రెండ్స్‌తో శనివారం ఇరవై నిమిషాలు ఫోన్లో కలుస్తాం. చదవకపోతే చదవలేదనే చెప్పుకుంటాం. ఆ వారం వాళ్ళు నాకోసం ప్రార్థన చేస్తారు.

నైట్ డ్యూటీ నర్స్ (అయిదు వారాల తర్వాత):

అందరికీ వందనాలు. జవాబు ఇవ్వడానికి ఇంత ఆలస్యం చేసినందుకు క్షమించండి.

మాస్టారూ, మీరు చెప్పినవి, విజయవాడ అక్క చెప్పింది కలిపి చేశాను. ఐసీయూలో ఒక పేషెంట్ దగ్గర్నుంచి ఇంకో పేషెంట్ దగ్గరికి వెళ్ళేటప్పుడు చేతులు శుభ్రం చేసుకోవాలి. సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు. పరలోక ప్రార్థన మెల్లగా చెప్పుకుంటే సరిగ్గా అంత టైమే పడుతుంది. మొదటి వారం మాటలు చెబుతున్నానే గానీ మనసు సిరంజి పంప్ అలారం మీదే ఉంది. రెండో వారంలో ఒక రాత్రి, డయాలసిస్ జరుగుతున్న ఒక ముసలమ్మ దగ్గరికి వెళ్ళబోతూ చేతులు కడుక్కుంటున్నాను. "నీ చిత్తం నెరవేరును గాక" దగ్గర ఆగిపోయాను. తర్వాతి మాట రాలేదు. కుళాయి అలాగే పారుతోంది. కోపమంతా అక్కడే ఉందని అప్పుడు తెలిసింది. ఆయనతోనే చెప్పాను, నాకు కోపంగా ఉందని. ఏడాదిలో నా సొంత మాటల్లో చేసిన మొదటి ప్రార్థన అది.

ఇంట్లో ఎనిమిదింటికి కుదరదు, అప్పటికి నేను డ్యూటీలో ఉంటాను. అందుకని ఏడింటికి, యూనిఫాం వేసుకుని, బ్యాగు పక్కన పెట్టుకుని ముగ్గురం కూర్చుంటున్నాం. మొదట్లో రోజూ 23వ కీర్తనే, ఆరే వచనాలు. ఇప్పుడు బాబే చూడకుండా చెప్పేస్తున్నాడు. నాన్నకి ఫోన్ చేసి ఆయన ఎత్తుకునే కీర్తన రాగం మళ్ళీ నేర్చుకుంటున్నాను. రెండో చరణంలో ఇంకా తప్పుతున్నాను, ఆయన ఫోన్లోనే సరిదిద్దుతున్నారు. సెలవు పెట్టిన వారం మినహా మూడు రోజులే ప్రార్థన తప్పింది.

పోయిన ఆదివారం అమ్మ బైబిల్ తెరిచాను. 43 పక్కన తేదీ వేయలేదు, నిద్ర ఇంకా సరిగా పట్టడం లేదు. దాని కింద 44 బాబు చేత రాయించాను, పెన్సిల్‌తో. వాళ్ళ లెక్కల టీచర్ స్కూటీ మీద నుంచి పడితే కాలు విరిగిందట. "కాలు" లో "లు" తలకిందులుగా వచ్చింది, అలాగే ఉంచాను.