టైల్ అడ్హెసివ్ కలపడానికి చవక డ్రిల్ చాలా, మిక్సర్ మెషినే కావాలా?

సొంతపని
రెండు స్నానాల గదులు, ఒక వంటగది గోడ, మొత్తం 40 చదరపు మీటర్ల టైల్స్. వాటిని అతికించే అడ్హెసివ్ (నీళ్లతో ముద్దగా కలిపే సిమెంటు పొడి) నేనే కలుపుకోవాలి. అక్కడక్కడ జిప్సం ప్లాస్టర్ అతుకులు కూడా ఉన్నాయి. 650 వాట్ల హామర్ డ్రిల్ (0–2800 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి చుట్లు; 13 మి.మీ. చక్, అంటే రాడ్ బిగించే పట్టు) కొని, 120 మి.మీ. కలిపే రాడ్ బిగిద్దామని ఆలోచన. ఈ కాస్త పనికి మిక్సర్ దండగ అని కొందరు, డ్రిల్‌తో కలిపితే మొదటి రోజే పొగ అని కొందరు. ఏది నిజం? పని అయ్యాక అదే డ్రిల్ గోడకు కన్నాలు వేయడానికీ పనికిరావాలి.

ఆర్మేచర్ అన్న
పొగ మాటే నిజం. ఎందుకో చెప్తాను. డ్రిల్‌లో గాలి కొట్టే ఫ్యాను ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) షాఫ్ట్ మీదే ఉంటుంది. మోటారు ఎంత తిరిగితే గాలి అంతే. 2800 ఆర్‌పీఎం డ్రిల్‌ను ట్రిగ్గర్ సగం నొక్కి 500కి దించారంటే గాలి ఐదో వంతుకు పడిపోయినట్టే. అదే సమయంలో చిక్కటి ముద్ద అడ్డుపడి మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. వేడి పెరిగి, చల్లదనం తగ్గితే వైండింగ్ (మోటారులోని తీగ చుట్లు) మీది వార్నిష్ కాలుతుంది. పోనీ పూర్తి వేగంతో తిప్పుదామంటే ముద్దలోకి గాలి చేరి బుడగలు నిలిచిపోతాయి, సగం మాలు గోడకు కాక మీ చొక్కాకు అంటుతుంది.

ఇంకోటి. పెట్టె మీద రాసిన 650 వాట్లు అది తీసుకునే కరెంటు లెక్క. చక్ దగ్గరికి చేరేది సుమారు సగం. కాబట్టి వాట్లు కాదు, తక్కువ గేర్‌లో ఎన్ని ఆర్‌పీఎం ఉందో చూడండి.

తాపీ లెక్క
అన్నగారు చెప్పిన కారణం సరైనదే, తీర్పుతో ఒప్పుకోను. డ్రిల్ కాలేది డ్రిల్ కావడం వల్ల కాదు, 120 మి.మీ. రాడ్ వల్ల. చిక్కటి ముద్దలో రాడ్ తిప్పడానికి కావలసిన బలం దాని వ్యాసం ఘనంతో పెరుగుతుంది. 120 బదులు 80 పెడితే అదే వేగానికి బలం మూడో వంతుకన్నా తక్కువ సరిపోతుంది. వ్యాసం మూడో వంతు తగ్గించి, భారం మూడింట రెండు వంతులు దించుకోవడం అన్నమాట.

రెండోది, పరిమాణం. 3 మి.మీ. మందానికి చదరపు మీటరుకు 4 కిలోల పైచిలుకు పొడి పడుతుంది. 40 చదరపు మీటర్లకు, గోడ ఎగుడుదిగుళ్లు కలుపుకుని, 20 కిలోల సంచులు 10–12. ఒక మనిషి టైల్స్ పెట్టుకుంటూ పోతే ఒకేసారి సంచి మొత్తం కలపాల్సిన అవసరమే రాదు, కలిపినా సగం బకెట్‌లోనే బిగుసుకుంటుంది. విడతకు 7–10 కిలోలు చాలు. ఆ మాత్రానికి మిక్సర్ ఎందుకు?

ఆర్మేచర్ అన్న
ఏ డ్రిల్లో కూడా చెప్పండి మరి. ఒకే గేర్ ఉన్న 2800 డ్రిల్‌కు 80 మి.మీ. రాడ్ పెట్టినా నేను వద్దనే అంటాను. రెండు గేర్లది, మొదటి గేర్‌లో 1000–1200 దాటనిదైతే ఒప్పుకుంటాను. అందులో మోటారు వేగంగా తిరుగుతూనే చక్ నెమ్మదిగా తిరుగుతుంది, గాలి తగ్గదు. చవక డ్రిల్లలో ఈ రెండో గేర్ అరుదు, అసలు పేచీ అక్కడే.

సుత్తిపక్షం
మీరిద్దరూ రోటరీ హామర్‌ను మరిచారు. ఎస్‌డీఎస్ ప్లస్ రకం (గాడులున్న కాడను లోపలికి తోస్తే తాళం పడే పట్టు), 800 వాట్లది, గరిష్ఠంగా 900–1200 ఆర్‌పీఎం. గేర్ తగ్గింపు లోపలే ఉంది. పైగా రాడ్ అడ్డం తగిలితే జారే క్లచ్ ఉంటుంది, మణికట్టు మెలిపడదు. కాంక్రీటులో కన్నాలకు మామూలు హామర్ డ్రిల్ కంటే ఎంతో మేలు. ప్రశ్న అడిగినవారి రెండు పనులకూ ఇదొక్కటే సరిపోతుంది.

కొనేటప్పుడు చూడాల్సింది: సుత్తి దెబ్బ పూర్తిగా ఆపి తిప్పడం మాత్రమే చేసే మోడ్ ఉండాలి. అది లేనిదైతే రాడ్ బకెట్ అడుగుకు ఆనగానే దెబ్బలు మొదలై అడుగు పగులుతుంది.

తాపీ లెక్క
రోటరీ హామర్ మంచి మాటే. కానీ ఎస్‌డీఎస్ అడాప్టర్, దానికి చక్, చక్‌లో షట్కోణపు రాడ్ అని గొలుసు కట్టకండి. ఎస్‌డీఎస్ పట్టులో బిట్ కాస్త ఆడేలాగే చేస్తారు. అడుగున్నర రాడ్ చివర ఆ ఆట పెద్దదై బకెట్ గోడకు కొట్టుకుంటుంది. నేరుగా ఎస్‌డీఎస్ కాడతో వచ్చే రాడ్ తీసుకోండి.

ఆర్మేచర్ అన్న
ఆ క్లచ్ మీద మరీ భరోసా వద్దు. అది చేతిని కాపాడుతుంది, మోటారును కాదు. క్లచ్ జారనంత బరువులోనే, నాలుగైదు నిమిషాలు ఆపకుండా కలిపితే, వైండింగ్ వేడెక్కిపోతుంది.

కొత్తగా వచ్చా
యాంగిల్ గ్రైండర్‌కు ఎం14 మర ఉంది, మిక్సర్ రాడ్లకూ అదే మర. బిగించి వాడొచ్చా?

తాపీ లెక్క
వద్దు. పొరపాటున కూడా వద్దు. మర కలిసినంత మాత్రాన సరిపోదు. 125 మి.మీ. గ్రైండర్ 11,000 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది. ఆ వేగంలో పొడవాటి రాడ్ వంగి చేతిలోంచి లాక్కుంటుంది. స్పీడ్ కంట్రోల్ ఉన్నదైనా సాధారణంగా 2800కు కిందకు దిగదు.

కొత్తగా వచ్చా
18 వోల్ట్ బ్యాటరీ డ్రిల్? తిప్పే బలం 60 న్యూటన్ మీటర్లని రాసి ఉంది.

ఆర్మేచర్ అన్న
అది బిగుసుకుపోయే క్షణంలో వచ్చే గరిష్ఠం, రెండు నిమిషాలు నిలిచే బలం కాదు. మొదటి గేర్‌లో 4–5 కిలోల గ్రౌట్‌కు (టైల్స్ సందులు నింపే ముద్దకు) సరే. అంతకు మించితే ముందు బ్యాటరీ వేడెక్కి ఆగిపోతుంది.

తాపీ లెక్క
డ్రిల్ ఏదైనా కలిపే తీరే దాన్ని బతికిస్తుంది. ముందు నీళ్లు, తర్వాత పొడి. 10 కిలోలకు ఎన్ని నీళ్లో సంచి మీద చూసి కొలిచి పోయండి. చాలావాటికి రెండున్నర లీటర్ల అటూఇటూ ఉంటుంది. పొడి మూడింట రెండు వంతులు వేసి పలచగా ఉండగా కలపండి, మిగతాది తర్వాత కొద్దికొద్దిగా. మొత్తం పొడిలో నీళ్లు పోస్తే అడుగున ఎండు గడ్డ కడుతుంది, డ్రిల్‌కు అసలు దెబ్బ అక్కడే. రాడ్ తల మునిగాకే ట్రిగ్గర్ నొక్కాలి, ఆగాకే పైకి తీయాలి. మధ్యలో ఒకసారి ఆపి మూలల్లోని పొడిని తాపీతో గీకండి.

నిమిషంన్నర కలిపి, 5 నిమిషాలు వదిలి, మళ్లీ అర నిమిషం. ఆ విరామంలో డ్రిల్‌ను ఖాళీగా పూర్తి వేగంతో ఒక నిమిషం తిప్పండి, లోపలి వేడి బయటికి పోతుంది. తర్వాత చిక్కబడితే ఉత్తినే తిప్పి వాడండి. నీళ్లు కలిపితే పట్టు పోతుంది.

పక్క పిడి తప్పనిసరి. ట్రిగ్గర్ లాక్ మాత్రం వాడకండి. తాళంతో బిగించే చక్ అయితే మూడు రంధ్రాల్లోనూ బిగించాలి. రివర్స్‌లో కలపవద్దు, చక్ వదులై ఊడొచ్చు. రాడ్ తల మెలిక కింది మాలును పైకి తెచ్చేది కావాలి. పైనుంచి కిందికి నెట్టేవి రంగులకు, పలచటి ద్రవాలకు. మొహానికి దుమ్ము మాస్కు ఉండాలి, పొడిలో సన్నటి ఇసుక ధూళి ఉంటుంది.

సుత్తిపక్షం
జిప్సం సంగతి వేరని కూడా చెప్పాలి. అది తేలిక, నీళ్లు ఎక్కువ పడతాయి, 10 కిలోలకు 6–7 లీటర్లు. ఏ డ్రిల్ అయినా కలుపుతుంది. చిక్కు శుభ్రతతో. రాడ్‌కు, బకెట్‌కు పాత జిప్సం అంటి ఉంటే దాని స్ఫటికాలు కొత్త మాలును త్వరగా బిగిసేలా చేస్తాయి. ప్రతి విడతకూ కడగాలి. బిగిసేది మొదలయ్యాక మళ్లీ తిప్పితే అది ఇక పనికిరాదు, పారబోయడమే. ఇసుక సిమెంటు మాలుకైతే ఈ డ్రిల్లేవీ వద్దు, పారతో కలుపుకోవడమే నయం.

సొంతపని
అయితే 120 రాడ్ మానేశాను. మూడు మోడ్‌ల రోటరీ హామర్, 1000 ఆర్‌పీఎం, ఎస్‌డీఎస్ కాడ ఉన్న 85 మి.మీ. రాడ్, విడతకు 8 కిలోలు. సరేనా?

ఆర్మేచర్ అన్న
సరే. గాలి రంధ్రాలు బకెట్ పైకి రాకుండా మెషిన్‌ను పక్కకు పెట్టి పొడి పోయండి, లేచిన సిమెంటు ధూళి లోపలికి పోతే కార్బన్ బ్రష్‌లను (ఆర్మేచర్‌కు కరెంటు అందించే ముక్కలను) తినేస్తుంది. చేతికి ఆనలేనంత వేడెక్కినా, వార్నిష్ వాసన వచ్చినా ఆపేయండి. ఇదంతా 40 చదరపు మీటర్లకే. గదులు ఇంకా పెరిగితే మిక్సర్ అద్దెకు తెచ్చుకోండి, నా మాట మీద నేనున్నాను.