స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కు స్కోప్: ఏది కొనాలి, ఎలా బిగించాలి?

ప్రశ్న (వరంగల్)

నమస్కారం. నా దగ్గర 0.177 బోరు స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ ఉంది. బ్యారెల్‌ను కిందికి వంచి స్ప్రింగ్ ఎక్కించే రకం. తోటలో మట్టిగట్టుకు ఆనించిన కాగితపు టార్గెట్ మీద 10 నుంచి 25 మీటర్ల దూరంలో సాధన చేస్తుంటాను. నలభై దాటాక వెనుక సైటు, ముందు సైటు, టార్గెట్ మూడూ ఒకేసారి కంటికి ఆనడం లేదు కాబట్టి స్కోప్ పెట్టుకోవాలనుకుంటున్నాను. దుకాణంలో 6-24x50 (6 నుంచి 24 రెట్లు పెంచి చూపే, ముందు కటకం 50 మిల్లీమీటర్లున్న స్కోప్) చూపించి, ఎంత పెద్దగా కనిపిస్తే గురి అంత బాగా కుదురుతుందన్నారు. ఒక మిత్రుడు తన లైసెన్సు రైఫిల్ మీది పాత స్కోప్ ఇస్తానంటున్నాడు. ఏది మేలు? బిగింపు నేనే చేసుకోవచ్చా?

సమాధానం 1 (హైదరాబాద్)

మిత్రుడి స్కోపును దయచేసి మీ రైఫిల్‌కు పెట్టకండి. మందుగుండు రైఫిల్ ప్రధానంగా వెనక్కి తన్నుతుంది కనుక మామూలు స్కోపులోని కటకాలను ఆ దెబ్బకు తట్టుకునేలా అమరుస్తారు. స్ప్రింగ్ రైఫిల్ తీరు వేరు. ట్రిగ్గర్ నొక్కగానే బరువైన పిస్టన్ ముందుకు దూసుకుపోవడంతో తుపాకి వెనక్కి జరుగుతుంది. ఆ వెంటనే పిస్టన్ తన ముందు నలిగిన గాలికి తగిలి ఆగేసరికి తుపాకి ఒక్కసారిగా ముందుకు కుదుపుకుంటుంది. స్కోప్ లోపలి భాగాలను వదులు చేసేదీ, స్కోపును పట్టి ఉంచే రింగులను తుపాకి పైనున్న గాడి మీద వెనక్కి జార్చేదీ ఈ రెండవ కుదుపే. కాబట్టి స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కు పనికొస్తుందని తయారీదారు స్పష్టంగా చెప్పిన స్కోపునే కొనండి.

తర్వాతది పారలాక్స్. మామూలు రైఫిల్ స్కోపులను ఎక్కువగా 100 గజాలకు సరిచేసి ఉంచుతారు. 10 మీటర్లలో వాటితో బొమ్మ మసకగా ఉండడమే కాక, కన్ను కాస్త పక్కకు జరిగితే క్రాస్ గీత కూడా టార్గెట్ మీద జరుగుతుంది. ముందు కటకం దగ్గర తిప్పి దూరం సరిచేసుకునే ఏఓ రకం, 10 గజాల వరకు దిగేది చూసుకోండి. మీ దూరాలకు 3-9x40 ఏఓ నిండుగా సరిపోతుంది. 50 మిల్లీమీటర్ల కటకంతో 24 రెట్లు పెంచితే కంటికి అందే వెలుగు వలయం సుమారు 2 మిల్లీమీటర్లకు కుంచించుకుపోతుంది. తల ఇసుమంత కదిలినా చిత్రం నల్లబడుతుంది.

బిగింపు మీరే చేసుకోవచ్చు. లోపల పెల్లెట్ (ఎయిర్ రైఫిల్ గుండు) లేదనీ, స్ప్రింగ్ ఎక్కించి లేదనీ చూసుకున్నాకే మొదలుపెట్టండి. 11 మిల్లీమీటర్ల గాడికి సరిపోయే, స్టాప్ పిన్ (జారకుండా ఆపే చీల) ఉన్న ఒకే ముక్క మౌంట్ (రింగులు కలిసి ఉన్న బిగింపు దిమ్మ) తీసుకుని, గాడి మీది నూనెను శుభ్రంగా తుడిచి, వెనుక ఉన్న చిన్న రంధ్రంలోకి ఆ పిన్నును దించండి. స్కోపును 9 రెట్ల మీద ఉంచి, కళ్లు మూసుకుని చెంపను స్టాక్ (తుపాకి వెనుక భాగం) మీద ఆనించి, కళ్లు తెరవగానే అంచుల్లో నల్లని నీడ లేకుండా చిత్రం నిండుగా కనిపించే చోట స్కోపును నిలపండి. రైఫిల్‌ను సమంగా నిలబెట్టి, 10 మీటర్ల అవతల మేస్త్రీలు వాడే గుండుదారం వేలాడదీసి, నిలువు గీతను ఆ దారంతో కలిపాక మరలను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించండి.

సమాధానం 2 (డాలస్)

నేను వాడేది 0.308 మందుగుండు రైఫిల్ అయినా, రింగుల విషయంలో నియమం ఒకటే: బలం ఉంది కదా అని బిగిస్తే స్కోప్ గొట్టం నొక్కుకుపోతుంది. రింగు మరలకు చాలా కంపెనీలు 15 నుంచి 18 అంగుళాల పౌండ్లు (మరను తిప్పే బలానికి కొలత) చెబుతాయి. మీ మౌంటుతో వచ్చిన కాగితంలోని అంకెనే పాటించి, ఆ బలం దాటకుండా బిగించే టార్క్ డ్రైవర్ వాడండి. గురి సరిచేసే టరెట్ (స్కోప్ మీది తిప్పుడు మర) ఒక్కో మెట్టుకు క్లిక్కుమంటుంది. పావు ఎంఓఏ (ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) స్కోపులో ఒక్కో క్లిక్కు 10 మీటర్లలో గురిని సుమారు 0.7 మిల్లీమీటర్లే జరుపుతుంది. అంటే సెంటీమీటరు జరగడానికి 14 క్లిక్కులు కావాలి.

సమాధానం 3 (విశాఖపట్నం)

ముందుముందు పోటీలకు వెళ్లే ఆలోచన ఉంటే ఒక మాట. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో స్కోపుకు అనుమతి లేదు. 2012 లండన్‌లో మన గగన్ నారంగ్ కాంస్యం గెలిచినది కూడా చిన్న రంధ్రంలోంచి చూసే డయాప్టర్ సైటుతోనే. ఆ పోటీలో పదో వలయం వ్యాసం అర మిల్లీమీటరే. డయాప్టర్ సైటు మీ కంటి ఇబ్బందిని కూడా కొంత తగ్గిస్తుంది కాబట్టి ఒకసారి ప్రయత్నించి చూడండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ప్రస్తుతానికి పోటీల ఉద్దేశం లేదు కనుక 3-9x40 ఏఓ కొని, చెప్పినట్టే బిగించాను. అయితే ఎలివేషన్ టరెట్‌ను (గురిని పైకీ కిందికీ జరిపేదాన్ని) పైకి చివరిదాకా తిప్పినా 10 మీటర్లలో పెల్లెట్ 4 సెంటీమీటర్లు కిందే పడుతోంది.

సమాధానం 1 (హైదరాబాద్)

ముందుగా బ్యారెల్ మడత దగ్గరి బోల్టు వదులుగా ఉందేమో చూడండి. అది గట్టిగానే ఉంటే, మీ బ్యారెల్ గాడితో పోలిస్తే కొద్దిగా కిందికి వాలి ఉందన్నమాట. ఈ రకం రైఫిళ్లలో ఇది మామూలే. వెనుక రింగు కింద పలుచని ప్లాస్టిక్ పట్టీ వేయడం కొందరి పద్ధతి. రింగుల మధ్య 10 సెంటీమీటర్లు ఉంటే 0.1 మిల్లీమీటరు పట్టీ 10 మీటర్లలో ఒక సెంటీమీటరు లేపుతుంది. మీకు నాలుగు కావాలి కాబట్టి నాలుగు పొరలు పేర్చవలసి వస్తుంది, దానితో స్కోప్ గొట్టం వంగే ప్రమాదం ఉంది. వెనుక భాగం ఎత్తుగా మలిచిన డ్రూప్ మౌంట్ కొనడమే నా సలహా. టరెట్‌ను చివరి అంచున వదిలేస్తే స్కోప్ లోపలి స్ప్రింగు పట్టు తగ్గి గురి నిలకడగా ఉండదు. కొత్త మౌంట్ పెట్టాక టరెట్‌ను నడిమికి తెచ్చి మళ్లీ మొదటినుంచి సరిచేసుకోండి. కాల్చేటప్పుడు ముందు చేతితో గట్టిగా పట్టుకోకుండా, తెరిచిన అరచేతి మీద రైఫిల్‌ను ఆనించండి.